గంట దొర తల్లి

ఆదోని,
4 జూన్ 1979

దానమ్మా,

ఉత్తరం చూసి చెడ్డ కబురేమో అని కంగారు పడకు. ఏసమ్మత్త పోయినప్పుడు ఎమ్మిగనూరుకు వచ్చి వెళ్లిన తరువాత నేను నీకు పంపినవి క్రిస్మస్ కార్డులే కదా, అందుకని ముందే చెబుతున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనొక్కణ్ణే అనుకో.

మొన్న మధ్యాహ్నం గాలివానకు నా గది మీది రేకు ఒకటి లేచిపోయింది. నేను మంచి నిద్రలో ఉన్నాను. ఇంటి యజమానురాలు ఈరమ్మవ్వ లోపలికి వచ్చి భుజం పట్టి కుదిపేదాకా నాకు తెలియలేదు. సామాన్లన్నీ వరండాలోకి లాగుతుంటే మంచం కింద నుంచి నాన్న రేకుపెట్టె బయటపడింది. నాన్న పోయినప్పటి నుంచి దాన్ని తెరవలేదు. తెరిస్తే పైన ఆయన కోటు. కోటు కింద ఏమున్నాయో చెప్పుకో.

బొమ్మల పుస్తకాలు! మిషన్ బంగళాలో ఉండిన దొరల కుటుంబం తమ దేశానికి వెళ్లిపోతూ పిల్లల పుస్తకాలు పారేస్తే, తోటపని చేసే నాన్న గంపకెత్తుకుని తెచ్చాడే, అవి. 1954 ఎండాకాలం. నాకు పదకొండు, నీకు ఐదు. అమ్మను బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ ఎండాకాలమే. బంగళా మెట్ల మీద కూర్చుని రోజంతా అవే చూసేవాళ్లం. గంట దొర గుర్తున్నాడా? ఇసుక దొర? రెండు నీడల దొర? ఆ కథల్లోని వీరుల అసలు పేర్లు ఇంగ్లీషులో వేరే ఉన్నాయి కానీ, మనం పెట్టిన పేర్లే నా నోటికి వస్తాయి.

రంగులు ఇంకా పోలేదు. కాగితం మాత్రం అప్పడంలా విరుగుతోంది. నువ్వు పిల్లలకు చదువు చెప్పేదానివి, రూతమ్మకూ బొమ్మలంటే ఇష్టమని కార్డులో రాశావు. కావాలంటే పంపుతాను.

సుంకప్ప బావకు నమస్కారాలు.

మీ అన్న
ఇశ్రాయేలు


ఎమ్మిగనూరు,
12 జూన్ 1979

ఇశ్రాయేలన్నకు నీ చెల్లెలు అనేక వందనాలతో,

కావాలంటే పంపుతానని అడుగుతావా! ఆ మాట చదివి నవ్వొచ్చింది. బడి నుంచి రాగానే ఉత్తరం చూశాను, పొయ్యి మీద రొట్టె మాడిపోయింది. మీ బావ మాడిన రొట్టె తింటూ "ఎవరప్పా ఈ గంట దొర?" అన్నాడు. ఆయనకూ రూతమ్మకూ కూర్చోబెట్టి చెప్పాను.

నాకు ఒక్క ముక్క మరుపు రాలేదు, చూడు. గంట దొర చిన్న పిల్లవాడు. వాళ్ల నాన్న గుడిలో గంట కొట్టేవాడు. గంట బీట వారిందని బాగు చెయ్యడానికి కిందికి దించి నేల మీద పెట్టారు. ఊరు అంటుకుంది. తల్లి పిల్లవాణ్ణి ఆ పెద్ద గంట కిందికి తోసేసి, మంట ఆర్పడానికి నీళ్లు తేవడానికి పోయింది. పిల్లవాడు గంట లోపల కూర్చుని చెవులు రిక్కించి అమ్మ అడుగుల చప్పుడు కోసం విన్నాడు. విని విని వాడి చెవులకు అంత శక్తి వచ్చింది. వంద మైళ్ల అవతల ఎవరు ఏడ్చినా వాడికి వినపడుతుంది, వెంటనే పోయి ఆదుకుంటాడు. వాళ్లమ్మకు మాత్రం బావి దూరమైంది. వస్తోంది. వచ్చే పుస్తకంలో వచ్చేస్తుంది.

నువ్వు ఇట్లనే చెప్పావు. చెబుతూ ఆ పేజీ మీద వేలు పెట్టేవాడివి, వేలి చివర నల్లగా ఉండేది.

నీకొకటి చెప్పనా? ఏసమ్మత్త నన్ను ఇక్కడికి తెచ్చుకున్నాక, ఎవరింటి ముందు బిందె దించిన చప్పుడైనా తలుపు దగ్గరికి పోయి చూసేదాన్ని. ఎన్నాళ్లు చూశానో తెలియదు. అత్త విసుక్కునేది, "ఎవురికోసమే ఆ సూపు?" అని.

పుస్తకాలు ఎవరి చేతా పంపవద్దు. నువ్వే తీసుకుని రా. ఆదోని నుంచి ఇక్కడికి గంటన్నర ప్రయాణం. నువ్వు బొంబాయిలో ఉన్నట్లు చేస్తున్నావు.

ఎదురుచూసే
దానమ్మ


ఆదోని,
25 జూన్ 1979

దానమ్మా,

నేను ఇప్పుడు రాలేను. పత్తి సీజన్ లేనప్పుడే మిల్లులో యంత్రాలన్నీ విప్పి బాగు చేస్తారు, నాబోటి ఫిట్టర్లకు సెలవు ఇవ్వరు. పుస్తకాలు గుడ్డలో మూటకట్టి, మీ పక్క బస్సులో కండక్టరుగా పోయే నరసప్ప చేతికి ఇచ్చాను. అతను నమ్మకమైన మనిషి. తడవకుండా చూసుకో.

గంట దొర మొదటి పుస్తకం అందులో లేదు. చెదలు పట్టి పోయింది. మిగతావన్నీ ఉన్నాయి.

ఇక్కడ వాన మళ్లీ పడలేదు. వేరుశనగ వేసినవాళ్లు ఆకాశం వైపు చూస్తున్నారు. రేకు వేయించాను.

ఇశ్రాయేలు


ఎమ్మిగనూరు,
22 జూలై 1979

అన్నా,

మూట భద్రంగా చేరింది. బడిలో పరీక్షలు, మీ బావ మగ్గాల సొసైటీ పని మీద ఊళ్లు తిరగడం, నాకు జలుబు, వీటి మధ్య జవాబు ఆలస్యమైంది.

రోజూ సాయంత్రం రూతమ్మా నేనూ ఒక్కొక్క పుస్తకం చదువుకుంటున్నాం. నేను ట్రైనింగులో నేర్చుకున్న ఇంగ్లీషు చాలడం లేదు, నిఘంటువు దగ్గర పెట్టుకున్నాను. చిన్నప్పుడు నాకు ఈ దొరలందరూ యుద్ధాలు చేసేవాళ్లే. ఇప్పుడు చూస్తుంటే మొదటి పేజీలే మళ్లీ మళ్లీ తిరగేస్తున్నాను, వాళ్లు మామూలు పిల్లలుగా ఉన్న పేజీలు. ఇసుక దొర తల్లిదండ్రులు ఎడారిలో తప్పిపోతారు. రెండు నీడల దొరకు కవల తమ్ముడు చనిపోతే వాడి నీడ వచ్చి ఇతనికి అతుక్కుంటుంది. ఆ బొమ్మ చూసి రూతమ్మ ఒకరోజంతా తన నీడ చూసుకుంటూ తిరిగింది.

నిన్న అది అడిగింది, "ఈ దొరల్లో ఒక్కరికీ అమ్మ ఉండదేమమ్మా?" నేను జవాబు చెప్పేలోగా అదే చెప్పింది, "ఉంటే ఎగరనియ్యదు. పడతావురా దిగురా అంటాది." మీ బావ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను కానీ, తరువాత అన్నం వడ్డిస్తూ ఆ మాటే తలుచుకున్నాను.

అన్నా, మొదటి పుస్తకానికి నిజంగా చెదలు పట్టాయా? పెట్టెలో దాని కింద ఉన్నవాటికి, పైన ఉన్నవాటికి ఒక్క చిల్లు కూడా లేదు. నీ దగ్గర ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకుంటానని చెప్పు. నేను లాక్కుంటానా?

సెప్టెంబరు 8 శనివారం రూతమ్మ పుట్టినరోజు. ఎనిమిది నిండుతాయి. మేనమామను చూడాలని దాని కోరిక. మేము జనవరిలో ఇల్లు మారాం, మార్కెట్టు వెనక సందు, ఎవరినడిగినా చెబుతారు. ఈసారి యంత్రాల మాట చెప్పవద్దు.

దానమ్మ

(రూతమ్మ ఇక్కడ గంట దొర బొమ్మ వేసింది. చెవులు మరీ పెద్దవి అయ్యాయి.)


ఎమ్మిగనూరు,
10 సెప్టెంబరు 1979

ఇశ్రాయేలుకు,

శనివారం సాయంత్రం నేనూ మా ఆడబిడ్డా పూలు కొనడానికి బస్టాండు పక్కకు పోయాం. నువ్వు టీ అంగడి ముందు నిలబడి ఉన్నావు, చంకలో పొట్లం. నా ప్రాణం లేచివచ్చింది. "అన్నా! ఇశ్రాయేలన్నా!" అని రోడ్డు ఇవతల నుంచి గట్టిగా పిలిచాను. జట్కావాళ్లు కూడా తిరిగి చూశారు. నువ్వు తల వంచుకుని పోయి ఆదోని బస్సు ఎక్కావు. నేను బస్సు వెంట వచ్చాను. కిటికీ దగ్గర కూర్చున్నావు, మళ్లీ పిలిచాను. నువ్వు అటే చూస్తూ కూర్చున్నావు.

మా ఆడబిడ్డ అన్నది, "మీ అన్నేనా? పిలస్తాంటే పలకకుండా పోతాండాడే." ఆమెకు ఏం చెప్పాలి? వేరే ఎవరో అనుకున్నానని చెప్పాను. ఇంటికి వస్తే రూతమ్మ వాకిట్లో కూర్చుని ఉంది, మేనమామ వస్తాడని.

ఊరిదాకా వచ్చి ఇంటికి రానివాడివి ఎందుకు వచ్చావు?

ఇంకొక విషయం. నువ్వు పంపినవాటిలో లావుపాటి పుస్తకం ఒకటుంది, అందులో గంట దొర తన కథను ఎవరికో మొదటి నుంచి చెబుతాడు. నిన్న చదివాను. తల్లి బకెట్టు తీసుకుని పొగలోకి పోయింది, మళ్లీ ఎవరూ ఆమెను చూడలేదు అని ఉంది. తెల్లవారాక పిల్లవాడు బయటికి వస్తే బూడిద తప్ప ఏమీ లేదు. వచ్చే పుస్తకంలో వచ్చేది లేదు. ఏ పుస్తకంలోనూ రాదు.

నాకు అబద్ధం చెప్పావు. ఐదేళ్ల పిల్లను నమ్మించావు. నేను ఎన్నేళ్లు ఆ తలుపు దగ్గర నిలబడ్డానో నీకు తెలియదు.

దానమ్మ


(కార్డు)
ఆదోని,
17 సెప్టెంబరు 1979

దానమ్మా, నేను నిన్ను చూడలేదు. నీ పిలుపు వినలేదు. నన్ను నమ్ము. రూతమ్మకు నా ఆశీస్సులు. మిగతా సంగతి వీలు చూసుకుని రాస్తాను. కార్డులో రాసేది కాదు.

ఇశ్రాయేలు


ఎమ్మిగనూరు,
3 నవంబరు 1979

అన్నా,

నీ వీలు కోసం చూశాను. దసరా పోయింది, దీపావళి పోయింది. నీకు వీలు కాలేదు. బస్టాండంతా విన్న పిలుపు నువ్వు ఒక్కడివే వినలేదట. సరే.

ఇక నేను రాయను. ఆఖరిసారి కాబట్టి మనసులో ఉన్నది రాస్తున్నాను. నాన్నకు ఇద్దరు పిల్లలు. నిన్ను ఉంచుకున్నాడు, నన్ను ఇచ్చేశాడు. ఏసమ్మత్త నన్ను ప్రేమగానే పెంచింది, ఆమె మీద నింద వెయ్యను. కానీ "వాళ్ల పాప" అనే అందరూ అనేవాళ్లు. "మా పాప" అని అత్త కూడా అనలేదు. నువ్వు నాన్న దగ్గర ఉన్నావు, ఆ బంగళా మెట్లు నీవి, ఆ పుస్తకాలు నీవి. నాకు మిగిలింది ఒక కథ. అది కూడా అబద్ధం.

నువ్వు మా ఇంటి గడప తొక్కకపోవడానికి కారణం నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఇచ్చేసిన పిల్ల ఇంటికి ఎవరు వస్తారు?

పుస్తకాలు నరసప్ప చేతికి తిరిగి ఇస్తాను. రూతమ్మ ఏడుస్తోంది, అయినా ఇస్తాను.

దానమ్మ


ఆదోని,
2 డిసెంబరు 1979

చెల్లెమ్మా,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈ రోజు ఆదివారం. గుడికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడం దగ్గరే మొదలుపెడతాను.

నాకు చెవులు వినపడవు.

రాసేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పత్తి నుంచి గింజలు తీసే యంత్రాల హోరు నీకు తెలుసు కదా, రోడ్డు మీద పోయేవాళ్లే చెవులు మూసుకుంటారు. ఇరవై ఏళ్లుగా నేను వాటి మధ్య ఉన్నాను. మొదట పిచ్చుకలు వినపడటం మానేశాయి. ఈ ఊళ్లో పిచ్చుకలు తగ్గాయనుకున్నాను. తరువాత గుడిలో పాటలు. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం పట్టుకుంటాను, మిగతా సగం ఊహించుకుంటాను. ఊహ తప్పితే నవ్వేస్తాను. నన్ను మిల్లులో నవ్వుమొగం ఇశ్రాయేలు అంటారు. మిల్లులో తెలిస్తే ఉంచుకోరని భయం. గుడిలో అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చునేవాణ్ణి. ఒకరోజు ప్రార్థన మధ్యలో నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. ఆ తరువాత పోలేదు.

రూతమ్మ పుట్టినరోజు శనివారం నేను వచ్చింది మీ ఇంటికే. రూతమ్మకు రంగు పెన్సిళ్లు కొన్నాను. బస్సు దిగి టీ అంగడి దగ్గర "మార్కెట్టు ఎనక సందు యాడప్పా?" అని అడిగాను. అంగడి అతను టీ కలుపుతూ తల వంచుకుని ఏదో చెప్పాడు. మళ్లీ అడిగాను. అతను విసుక్కుని ఇంకేదో అన్నాడు, అదీ అర్థం కాలేదు. మూడోసారి అడిగితే బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు లేచి నా మొహం ముందుకొచ్చి, చాలా మెల్లగా, పెద్దగా నోరు తెరిచి అన్నాడు, "సెవిటోడుండాడ్రా పాపం, రాసియ్యండి." ఆ మాట మాత్రం పూర్తిగా అందింది.

నువ్వు రోడ్డు అవతల ఉన్నావని నాకు తెలియదు, దానమ్మా. నేను అనుకున్నదల్లా ఒక్కటే. ఇంటినిండా నీ అత్తగారి తరపు వాళ్లుంటారు. వాళ్లు పలకరిస్తారు, నేను నవ్వుతాను. అప్పుడు వాళ్లూ నవ్వుతారు. నీ బిడ్డ పుట్టినరోజున ఆ నవ్వు నీకెందుకు? కాళ్లు బస్సు వైపు తిరిగాయి. నువ్వు కిటికీ దాకా వచ్చావని నీ ఉత్తరంలో చదివి ఆ రోజు అన్నం తినలేదు. కిటికీ అవతల ఎవరైనా ఉన్నట్లే తెలియలేదు నాకు.

ఇప్పుడు అమ్మ సంగతి.

నేను నీకు అబద్ధం చెప్పలేదు. నాకు ఇంగ్లీషు రాదు. పదకొండేళ్లకు ఏం వస్తుంది, అక్షరాలు వచ్చు, అంతే. నేను చదివింది బొమ్మలు. ఆ బొమ్మలో తల్లి చేతిలో బకెట్టు ఉంది. బకెట్టు పట్టుకుని పోయే మనిషి ఎక్కడికి పోతుంది? నీళ్లకే. నీళ్లకు పోయిన మనిషి తిరిగి వస్తుంది. నీకు చెప్పిందే నేనూ నమ్మాను. వచ్చే పుస్తకం కోసం నేనూ ఆ గంప అడుగుదాకా వెతికాను.

నాన్న బళ్లారి నుంచి ఒక్కడే వచ్చాడు. "ఇంకా బాగు కాలేదప్పా" అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. నెలలు గడిచాయి, అదే మాట. తరువాత అదీ లేదు. నేను అడగలేదు, అడిగితే ఏం చెబుతాడో అని.

నన్ను ఉంచుకున్నాడంటావు. నువ్వు ఎమ్మిగనూరు పోయిన వారానికే నన్ను హాస్టల్లో వేశాడు. అదే కాంపౌండులో, గోడకు అటుపక్క. ఆయన చెట్లకు నీళ్లు పోస్తుంటే హాస్టలు కిటికీలోంచి చూసేవాణ్ణి. పిలిస్తే వచ్చేవాడు కాదు, చెయ్యి ఊపేవాడు. నీకు ఏసమ్మత్త ఉంది, రాత్రి పక్కన పడుకునే మనిషి ఉంది అని నేను ఏడ్చేవాణ్ణి. నాకు నాన్న ఉన్నాడని నువ్వు ఏడ్చావు. ఇద్దరం ఎవరికి వాళ్లం.

పదిహేనేళ్లప్పుడు హాస్టల్లో నిఘంటువు దొరికింది. గంట దొర మొదటి పుస్తకం ముందు పెట్టుకుని మాట మాట వెతికి రాసుకున్నాను. నువ్వు లావు పుస్తకంలో చదివిన మాటే అందులోనూ ఉంది. ఆమెను మళ్లీ ఎవరూ చూడలేదు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి నాకు అంతా తెలిసిపోయింది. బళ్లారి, నాన్న మౌనం, నిన్ను ఎందుకు పంపారో, నన్ను ఎందుకు హాస్టల్లో వేశారో, అంతా. అమ్మ చనిపోయిందని నాకు చెప్పింది నాన్న కాదు, ఆ పుస్తకం. చుట్టూ ముప్పై మంది పిల్లలు భోజనానికి పోతున్నారు. నేను కూడా లేచి పోయి వరుసలో నిలబడ్డాను.

ఆ పుస్తకాన్ని చెదలు తినలేదు. నా దగ్గరే ఉంది. అది కూడా పంపితే నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువుతావు, నాలాగా. ఇక్కడ నా పక్కన కూర్చుని చదివితే వేరు. అందుకని ఉంచుకున్నాను. లావు పుస్తకంలో కూడా ఆ కథ ఉందని నాకు గుర్తు లేదు.

గంట దొర చెవుల గురించి నువ్వు ఏమీ అనవద్దు. ఆ మాట నేను ఇప్పటికే అనుకుని నవ్వుకున్నాను.

పుస్తకాలు తిరిగి పంపవద్దు. రూతమ్మ ఏడవకూడదు.

నీ అన్న
ఇశ్రాయేలు


ఎమ్మిగనూరు,
19 డిసెంబరు 1979

నా అన్నకు,

క్షేమంగా చేరాం. పెద్దకడుబూరు దగ్గర బస్సు టైరు పంచరైంది, రూతమ్మ చేలోకి దిగి పత్తికాయ కోసుకొచ్చి, మామ మిల్లుకు పంపాలట, దాచుకుంది.

నీ ఉత్తరం అందిన రోజే బయలుదేరాలనుకున్నాను. బడిలో సెలవు దొరికేసరికి వారం పట్టింది. నీకు ముందు రాయకుండా వచ్చినందుకు కోప్పడలేదు కదా? రాస్తే "ఇప్పుడు వద్దు" అంటావని తెలుసు. నీ గది తలుపు ఎంతసేపు కొట్టానో! ఈరమ్మవ్వ వచ్చి "కొడితే ఏం లాభం తల్లీ, నెట్టుకోని పో" అన్నది. ఆమెకు నీ సంగతి ఎప్పటినుంచో తెలుసు. నువ్వే ఎవరికీ తెలియదనుకుంటున్నావు. మిల్లులో కూడా తెలిసే ఉంటుంది, అన్నా. నవ్వుమొగం అని ఊరికే అనరు.

రూతమ్మ నీతో మాట్లాడటం నాకంటే త్వరగా నేర్చుకుంది. నీ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని మాట్లాడుతుంటే నాకు సిగ్గేసింది. ట్రైనింగు దాకా చదివిన నేను పలక మీద రాస్తూ కూర్చున్నాను.

నీకు ఒక సంగతి తెలియదు. నువ్వు మొదటి పుస్తకం నా చేతికి ఇచ్చి, మా కోసం టీ కాస్తానని స్టవ్వు వైపు తిరిగావు. రూతమ్మ ఈరమ్మవ్వ దగ్గర వేరుశనగలు తింటోంది. నేను ఆ పేజీ తీశాను. బకెట్టు పట్టుకున్న ఆమె వీపు మాత్రమే ఉంది, మొహం లేదు. నాకూ అమ్మ మొహం గుర్తు లేదు. నేను ఏడ్చాను, అన్నా. అంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు. అత్త ఇంట్లో ఏడిస్తే అత్త బాధపడుతుంది, ఇక్కడ ఏడిస్తే మీ బావ కంగారు పడతాడు, బడిలో ఏడవకూడదు. నీ గదిలో, నీ వెనకాల కూర్చుని, గొంతు విడిచి ఏడ్చాను. నువ్వు చక్కెర వేసి కలుపుతున్నావు. నువ్వు తిరిగేసరికి మొహం తుడుచుకున్నాను. నువ్వు నా కళ్లు చూశావు. గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చున్నావు.

మీ బావకు అంతా చెప్పాను. ఆయన నింపాదిగా విని, సొసైటీలో నూలుకు రంగులు వేసే షెడ్డులో మనిషి కావాలంటున్నారు, అక్కడ మాటలతో పనిలేదు, చేతులూ కళ్లూ ఉంటే చాలు అన్నాడు. "నీ అన్న వస్తాడా? అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. జవాబు ఇప్పుడే చెప్పవద్దు. ముందు క్రిస్మస్‌కు రా. నాలుగు రోజులు ఉండు. ఉండటం ఎట్లా ఉంటుందో చూడు.

వస్తే నేనే బస్టాండుకు వస్తాను. పిలవను. దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంటాను.

నీ దానమ్మ


ఆదోని,
6 జనవరి 1980

చెల్లెమ్మా,

కొత్త సంవత్సరం మొదటి ఉత్తరం నీకే.

మీ ఇంట్లో నాలుగు రోజులని వచ్చినవాణ్ణి వారం ఉన్నాను. మీ ఆడబిడ్డ నా ఎదురుగా వచ్చి "ఆ పొద్దు తప్పుగా అనుకుంటిమి అన్నా" అన్నది. పెదవులు చూసి తెలుసుకున్నాను, నవ్వలేదు, తల ఊపాను. అది నాకు పెద్ద సంగతి. సుంకప్ప బావ నన్ను షెడ్డుకు తీసుకుపోయి చూపించాడు. చిలపలంటారే, ఆ నూలు కట్టలను ఎర్ర రంగులో ముంచి తీసి ఆరవేస్తుంటే నిలబడి చూశాను. ఆ మనుషులు ఒకరితో ఒకరు సైగలతోనే మాట్లాడుకుంటున్నారు, చేతులు తడిగా ఉంటాయి కాబట్టి మోచేత్తో పొడుస్తారు. నన్నూ పొడిచారు.

గుడిలో రూతమ్మ నా పక్కన నిలబడింది. లేవాల్సినప్పుడు నా చొక్కా పైకి లాగింది, కూర్చోవాల్సినప్పుడు కిందికి లాగింది. చొక్కా బొత్తాం ఊడింది. కుట్టుకున్నాను.

తిరిగి వచ్చి తాళం తీశాను. దానమ్మా, ఈ గది పెద్దదైంది. మంచం, స్టవ్వు, నాన్న పెట్టె, అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అయినా పెద్దదైంది. ఇన్నేళ్లూ నాకు సరిపోయిన గదే ఇది. టీ కాచుకుంటే అలవాటు తప్పి రెండు గ్లాసులు కడిగాను. రెండోదాన్ని బోర్లించి పెట్టాను. వినపడకపోవడం నాకు కొత్త కాదు. ఈ వారం రోజుల్లో తెలిసింది వేరే. ఇక్కడ నాకు వినపడాల్సింది కూడా ఏమీ లేదు.

నిన్న మిల్లులో మేస్త్రీ దగ్గరికి పోయి పని మానేస్తున్నానని చెప్పాను. అతను తల ఊపి, నా భుజం తట్టి, ఒక మాట అన్నాడు. "ఇన్నాళ్లెందుకుండినావప్పా ఈ హోరులో." నువ్వు చెప్పిందే నిజం, వాళ్లందరికీ తెలుసు.

ఈ పొద్దున ఈరమ్మవ్వను తాళంచెవి ఎప్పుడు ఇవ్వమంటావని అడిగాను. ఆమె జొన్నలు చెరుగుతూ చాట ఆపింది.

"యాడికి పోతావప్పా?"

"సెల్లెలింటికి, అవ్వా."

ఆమె చాట కింద పెట్టింది. తరువాత నాకు బాగా కనపడేట్లు మొహం ఎత్తి, మెల్లగా అడిగింది, "మల్లా ఎప్పుడొస్తావు?"

ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. వినపడనట్లు ఊరుకున్నాను.

శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. సామాను ఎక్కువేమీ లేదు, నరసప్ప పైన వేసుకుంటానన్నాడు.

ఇశ్రాయేలు